సెలీనియం పెళ్ళికూతురు

జీవరత్నం గారు తాను ఏ వయసులో పోతారో స్టాఫ్‌రూంలో ముందే ప్రకటించేశారు. యాభై ఎనిమిది. ఓ ఏడాది అటూ ఇటూ కావచ్చు గాని అరవై మాత్రం చూసేది లేదన్నారు. ఆ మాట నేను విన్నది ఏలూరులో ఆ మిషన్ హైస్కూలులో తెలుగు టీచరుగా చేరిన మొదటి రోజునే. బెంచీ చివర ఒద్దికగా కూర్చున్న నా పక్కకు ఆవిడ వచ్చి, పేరడిగి, ఊరడిగి, "చూడు కాంతం, నేను లెక్కల టీచర్ని. నాకింకా పదకొండేళ్ళే టైముంది. నా దగ్గర ఏమైనా నేర్చుకోవాలంటే త్వరగా నేర్చేసుకో" అన్నారు నవ్వుతూ. నా పూర్తి పేరు లక్ష్మీకాంతం. ఆ రోజు నుంచి నన్ను కాంతం అని పిలిచింది ఆవిడొక్కరే.

ఈ యాభై ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆవిడ అమ్మగారు రొమ్ము క్యాన్సర్‌తో యాభై ఎనిమిదో ఏట పోయారు. అదే జబ్బుతో అమ్మమ్మ యాభై ఆరుకీ, పెద్దమ్మ యాభై తొమ్మిదికీ పోయారు. మూడూ కూడి మూడుతో భాగిస్తే యాభై ఏడు పాయింటు ఆరు ఆరు. దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే యాభై ఎనిమిది. ఈ లెక్కను ఆవిడ బ్లాక్‌బోర్డు మీద కూడా చేసి చూపించగలరు, ఏ విచారమూ లేకుండా. ఎవరైనా "అలా కాదండీ, ఓసారి డాక్టరుకి చూపించుకోరాదూ" అంటే, "జవాబు తెలిసిపోయిన లెక్కకి మళ్ళీ పరీక్ష ఎందుకండీ" అనేవారు. ఆస్పత్రి గుమ్మం చూస్తే మాత్రం రోడ్డు అవతలి వైపుకి మారిపోయేవారు. అది నేను చాలాసార్లు గమనించాను.

పెళ్ళి కూడా అందుకే చేసుకోలేదు. 1975లో అహరోను అనే కుర్రాడు, రైల్వేలో గూడ్సు బండి గార్డు, తన తల్లిని వెంటబెట్టుకుని ఆవిణ్ణి అడగడానికి వచ్చాడట. జీవరత్నం గారు కాఫీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "మీరు చాలా మంచివారండీ. నేను యాభై ఎనిమిదికి పోతాను. పోయేదాన్ని చేసుకుని ఏం సుఖపడతారు?" అన్నారు.

ఆయన కాసేపు ఆలోచించి, "ఇంకా ఇరవై తొమ్మిదేళ్ళుందిగా అండీ" అన్నాడట మెల్లగా.

"తీసివేత బాగానే చేశారు. కానీ వద్దండీ" అన్నారట ఈవిడ.

ఆ కథ స్టాఫ్‌రూంలో ప్రతి ఏడూ ఒకసారైనా చెప్పించుకుని నవ్వుకునేవాళ్ళం. ఆవిడా నవ్వేవారు. కాకపోతే ఆ తీసివేత దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు కొంచెం నెమ్మదించేది.

2004 జూన్‌లో యాభై ఎనిమిది నిండి రిటైరయ్యారు. సన్మాన సభలో అందరి దగ్గరా ఇంక కనపడనన్నట్టే సెలవు తీసుకున్నారు. పదో తరగతి పిల్లలు శాలువా కప్పితే, "ఎందుకర్రా ఇది, ఎన్నాళ్ళు కప్పుకుంటాను" అని అప్పటికప్పుడే మా వాచ్‌మన్ భార్య సూరమ్మకిచ్చేశారు. మరుసటి వారం ఇంట్లో ఉన్న పట్టుచీరలన్నీ బయటికి తీసి పంచిపెట్టారు. నాకు మూడొచ్చాయి. వంగపండు రంగుది, పసుపుపచ్చది, జరీ అంచు తెల్లది. కన్నీళ్ళతో తెచ్చుకుని బీరువాలో దాచుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం, కుండపోత వానలో, గొడుగు కూడా లేకుండా జీవరత్నం గారు మా ఇంటి తలుపు దబదబా బాదారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో పేపరు ఆదివారం అనుబంధం.

"కాంతం! నా చీరలు నాకిచ్చెయ్యి!" అన్నారు, గుమ్మంలోనే.

నాకేమీ అర్థం కాలేదు. తువ్వాలిచ్చి కూర్చోబెట్టాను. ఆవిడ తల తుడుచుకోకుండా పేపరు తుడిచారు. అందులో అరపేజీ వ్యాసం. సెలీనియం అనే ఖనిజం ఉందట, మట్టిలో ఉంటుందట, ఆ మట్టిలో పండిన తిండి ద్వారా మన ఒంట్లోకి వస్తుందట. అమెరికాలో కొంతమందికి రోజూ రెండు వందల మైక్రోగ్రాములు మాత్రగా ఇచ్చి కొన్నేళ్ళు చూస్తే, మాత్ర వేసుకున్న వాళ్ళలో క్యాన్సర్ చావులు సగానికి తగ్గాయట. ఆ మాట కింద ఆవిడ ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీశారు. పైన "ఆయుష్షు పెంచే అణువు" అని పెద్ద అక్షరాల శీర్షిక.

"మా నాన్న వైపు వాళ్ళు మొండి ఘటాలు. మా నాయనమ్మ తొంభై ఎనిమిదేళ్ళు బతికింది. క్యాన్సర్ని కొట్టేస్తే ఇంక నాకు వర్తించేది ఆ వైపు లెక్కే. తొంభై ఎనిమిదిలోంచి యాభై ఎనిమిది తీసెయ్యి."

"నలభై" అన్నాను.

"నలభై!" అని ఆవిడ లేచి నిలబడి, తడి చీరతోనే మా హాల్లో గిర్రున ఒక చుట్టు తిరిగారు. ఆవిడ అలా తిరగడం నేనెప్పుడూ చూళ్ళేదు. చీరలు మూడూ మడతలు నలక్కుండా ఇచ్చేశాను. మర్నాడు మిగతావాళ్ళ ఇళ్ళకూ వెళ్ళారని తెలిసింది. శాలువా మాత్రం సూరమ్మ ఇవ్వనందట.

మందుల షాపులో అడిగితే తెప్పించి ఇచ్చారు. తెల్లసీసా, చిన్న గుండ్రటి మాత్రలు. రోజూ పొద్దున్న ప్రార్థన కాగానే ఒకటి. ఆ మాత్ర వేసుకున్నాక ఆవిడ ముఖం చూడాలి! సెలవులిచ్చిన రోజు స్కూలు గేటు దాటే పిల్లల ముఖం అలా ఉండేది. ఇంక ఆ నలభై ఏళ్ళూ ఏం చెయ్యాలో తెలియక ఉక్కిరిబిక్కిరైపోయారు. మా పక్కింటి షహనాజ్ దగ్గర కూర్చుని ఉర్దూ అక్షరాలు దిద్దడం మొదలెట్టారు. పెరట్లో పనస మొక్క నాటారు. "కాపుకి ఏడెనిమిదేళ్ళు పడుతుందటండీ" అని ఎవరో అంటే, "పట్టనివ్వండి, నాకేం తొందర?" అన్నారు ఎంతో దర్జాగా.

ఆ నవంబరులో తాడేపల్లిగూడెంలో ఒక చర్చి జూబిలీకి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఆరాధన అయ్యాక షామియానా కింద టీ తాగుతుంటే, తెల్లజుట్టాయన ఒకాయన కప్పు పట్టుకుని మా ఎదురుగా వచ్చి ఆగారు. పొడవాటి మనిషి, ఇస్త్రీ చొక్కా. ఆవిణ్ణి పరీక్షగా చూసి, "జీవరత్నం గారు కదండీ?" అన్నారు.

"అవునండీ. తమరు?"

"అహరోనునండీ. గార్డు." ఆయన ఇంకా ఆశ్చర్యంగానే చూస్తున్నారు. "మీరు ఇంకా... ఏమనుకోకండేం... మీరు యాభై ఎనిమిదికి పోతానన్నారు కదండీ. మొన్న జూన్‌తో నిండిపోయాయనుకున్నాను."

ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం చెప్పిన నెలతో సహా ఆయనకు గుర్తుంది! నా చేతిలో టీ ఒలికింది. జీవరత్నం గారు మాత్రం తడుముకోకుండా, "పోవట్లేదండీ. మాత్రలు వేసుకుంటున్నాను" అన్నారు.

"ఆయ్" అన్నారాయన, చాలా సంతోషంగా.

అహరోను గారికి పెళ్ళయింది, భార్య ఆరేళ్ళ క్రితం పోయారు. కూతురు దీవెన రాజమండ్రిలో నర్సు. ఆయన రిటైరై గూడెంలోనే ఉంటున్నారు. మాటల్లో జీవరత్నం గారు మోపెడ్ నేర్చుకోవాలనుందని, ఏలూరులో ఖాళీ చోటే దొరకట్లేదని అన్నారు. దానికాయన, "మా ఊళ్ళో యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉందండీ. గుద్దుకుందామన్నా ఏమీ దొరకదు" అన్నారు.

అలా మొదలైంది. శనివారం శనివారం ప్యాసింజరు ఎక్కి గూడెం. నేను వెంట. ఆ రన్‌వే గచ్చు ఎంత వెడల్పంటే, జీవరత్నం గారు మోపెడ్ మీద ఎటు తిరిగినా సరే తిన్నగా వెళ్తున్నట్టే కనపడేది. అహరోను గారు తన పాత ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా, విజిల్ తెచ్చేవారు. పచ్చజెండా ఊపితే ఆవిడ బయల్దేరాలి, ఎర్రజెండా ఊపితే ఆగాలి. బయల్దేరడం మొదటిరోజే వచ్చేసింది. ఆగడం రావడానికి రెండు నెలలు పట్టింది. ఆయన ఎర్రజెండా ఊపుకుంటూ ఈల వేసుకుంటూ వెనకాల పరిగెత్తడం, ఆవిడ "ఆగట్లేదండీ! ఇది ఆగట్లేదు!" అని అరుస్తూ గేదెల్ని చెదరగొట్టుకుంటూ పోవడం, పొద్దున్న నడకకు వచ్చినవాళ్ళు గడ్డిలోకి గెంతడం... నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టేవి.

2006 జనవరిలో ఆయన మళ్ళీ అడిగారు. జెండాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ, నేను పక్కనే ఉన్నానని కూడా చూడకుండా, "అప్పుడడిగిందే మళ్ళీ అడుగుతున్నానండీ" అన్నారు.

జీవరత్నం గారు మోపెడ్‌కి స్టాండు వేశారు. "అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళున్నాయన్నారు. ఇప్పుడు నా దగ్గర ముప్ఫై ఎనిమిది పైన ఉన్నాయి. అంటే బేరం మీకు బాగానే కుదిరినట్టు" అన్నారు, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. తుడుచుకున్నది చెమటో కాదో నేను అడగలేదు. సెప్టెంబరులో ప్రధానం, డిసెంబరులో పెళ్ళి అనుకున్నారు.

సరిగ్గా ఏప్రిల్‌లో మాత్రలు ఆగిపోయాయి. "ఆ కంపెనీ సరుకు రావట్లేదండీ" అన్నాడు షాపతను. విజయవాడలో అడిగించినా లేవన్నారు. సీసాలో చివరి మాత్ర అయిపోయిన రోజు ఆవిడ మొహం పాలిపోయింది. డిసెంబరు వరకు ఎలా అని ఒకటే ఆదుర్దా. ఆ దిగుల్లో ఉండగా ఎవరో అన్నారట, చేపల చెరువుల్లో మేతలో కలిపే ఖనిజాల పొడిలో కూడా సెలీనియం ఉంటుందని.

మర్నాడే కైకలూరు బస్సెక్కాం. అక్కడ చేపల మేత దుకాణం పెట్టుకున్న జావీద్ మా స్కూలువాడే, జీవరత్నం గారి దగ్గర లెక్కలు చదివాడు. ఆ వేసవిలో ప్రభుత్వం వాళ్ళు కొల్లేటి సరస్సును ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టించేస్తున్నారు. మేత కొనేవాళ్ళు లేక అతని దుకాణం నిండా బస్తాలు పేరుకుపోయి ఉన్నాయి. అంత దిగుల్లోనూ మమ్మల్ని చూసి లేచి నిలబడి స్టూళ్ళు తుడిచాడు.

"మీకు చెరువుందాండీ టీచర్ గారూ?"

"లేదయ్యా."

"మరి ఎవరికండీ ఈ పొడి?"

జీవరత్నం గారు జన్మలో అబద్ధమాడి ఎరగరు. ఒక్క క్షణం ఆగి, "ఒక్క చేపకి" అన్నారు.

జావీద్ నవ్వాపుకున్నాడు. "ఎంత బరువుంటదండీ చేప?"

"అరవై రెండు కిలోలు."

"అమ్మో! కొల్లేట్లో అంత చేపని నేనెప్పుడూ చూళ్ళేదండీ! ఎక్కడుందండీ అది?"

"ఏలూరులో. ఇంట్లోనే పెంచుతున్నాం."

నేను బస్తాల వెనక్కి వెళ్ళి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. టీచరు గారు ఆటపట్టిస్తున్నారనుకున్నాడేమో, జావీద్ ఒక డబ్బా తీసిచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "బాగా ఘాటైందండీ ఇది. టన్ను మేతలో ఇంత కలుపుతారంతే. చిటికెడు కూడా ఎక్కువే" అన్నాడు. "నాకు లెక్కలొచ్చునయ్యా" అన్నారావిడ. నేను దారి పొడుగునా వద్దని చెబుతూనే వచ్చాను. "చేపకి పనికొచ్చింది నాకెందుకు పనికిరాదు కాంతం, ఆ చేపల్నే కదా మనం తింటున్నాం" అన్నారు.

ఇంటికి రాగానే డబ్బా మీది చీటీ చదివి లెక్క కట్టారు. కిలో పొడిలో ఒక గ్రాము సెలీనియం. తనకు కావలసింది రెండు వందల మైక్రోగ్రాములు. జవాబు రెండు గ్రాముల పొడి. కంసాలి కొట్టుకి వెళ్ళి చిన్న తక్కెడలో తూయించి, ఏ స్పూనులో ఏ గీత దాకా పొయ్యాలో గుర్తు పెట్టించుకుని, జూన్ మొదటి తారీకు నుంచి మజ్జిగలో కలుపుకుని తాగడం మొదలెట్టారు.

జూలై నెలాఖరుకి ఒక విచిత్రం. ఆవిడ దగ్గర వెల్లుల్లి వాసన. ఊపిరిలోనే వాసన. మోపెడ్ మీద వెనక కూర్చుంటే గాలికి నేరుగా నా ముఖాన కొట్టేది.

"వెల్లుల్లి కారం తిన్నారాండీ?" అన్నాను.

"నేను వెల్లుల్లి ముట్టనని నీకు తెలుసుగా. నువ్వే తిని ఉంటావు" అన్నారు.

అహరోను గారు ఇంకా మర్యాదస్తులు. రెండు శనివారాలు ఏమీ అనలేదు. మూడో శనివారం సంచిలోంచి ఒక జాడీ తీసి, "మీకు వెల్లుల్లంటే ఇంతిష్టమని నాకు తెలీదండీ. మా వీధిలో వరమ్మ గారు పెట్టిన వెల్లుల్లి పచ్చడి, చాలా బాగుంటుంది" అని సిగ్గుపడుతూ ఇచ్చారు. జీవరత్నం గారు ఆ జాడీని చూసి, ఆయన్ని చూసి, తిరిగొచ్చేటప్పుడు రైల్లో, "పెళ్ళికి ముందు వెల్లుల్లి పచ్చడిచ్చే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు కాంతం. మతి తప్పట్లేదు కదా ఆయనకి?" అన్నారు దిగులుగా.

సెప్టెంబరు మూడో వారం ప్రధానం. ఆవిడ ఇంట్లోనే, పాతికమంది. అప్పటికి జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. పెళ్ళి ఆందోళన అనుకున్నాం. చర్చి అయ్యగారు దగ్గరగా నిలబడి ప్రార్థన మొదలెట్టారు. "ప్రేమగల ప్రభువా" అనగానే ఒక అడుగు వెనక్కి వేశారు. "నీ దాసురాలైన జీవరత్నమును" అనగానే ఇంకొకడుగు. ఆమేన్ చెప్పేసరికి ఆయన గుమ్మం దగ్గరున్నారు. అహరోను గారు ఉంగరం తొడిగారు. ఉంగరం కణుపు దగ్గర ఆగితే కొంచెం నొక్కారు. ఆ వేలి గోరు ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది.

నొప్పి లేదట. రక్తమూ లేదు. అహరోను గారు గోరును అరచేతిలో పట్టుకుని, "క్షమించండీ, గట్టిగా నొక్కానా?" అని కంగారుపడిపోతున్నారు. అప్పుడు ఆయన కూతురు దీవెన ముందుకొచ్చి జీవరత్నం గారి మిగతా వేళ్ళు ఒక్కొక్కటే చూసింది. గోళ్ళ మీద అడ్డంగా తెల్ల గీతలు. "ఆంటీ, రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనిక్కడే ఉంటాను" అంది. రోడ్డు అవతలికి మారిపోవడానికి ఆ అమ్మాయి అవకాశమివ్వలేదు.

డాక్టర్ ఆలియా గారికి నలభై ఏళ్ళుంటాయి. శ్రద్ధగా మాట్లాడే మనిషి. గోళ్ళు చూశారు, జుట్టు చూశారు, నోరు తెరవమని ముందుకు వంగి ఆగిపోయారు. "ఏమైనా మందులు వాడుతున్నారాండీ?" అని అడిగారు. జీవరత్నం గారు డబ్బా, లెక్క కట్టిన కాగితం రెండూ బల్లమీద పెట్టారు, హోంవర్కు చూపించినట్టు.

డాక్టరు గారు చీటీ చదివారు. కాగితం చదివారు. పెన్ను తీసుకుని తనూ కట్టారు. "కిలోకి గ్రాము. అంటే గ్రాముకి వెయ్యి మైక్రోగ్రాములు. మీకు రెండు వందలు కావాలంటే సున్నా పాయింటు రెండు గ్రాములండీ. రెండు గ్రాములు కాదు. రోజూ పదింతలు వేసుకున్నారు. ఆ వాసన, ఈ గోళ్ళు, జుట్టు, అంతా సెలీనియం ఎక్కువైతే వచ్చేదే. ఒంటికి కావలసింది రవ్వంత. దాటితే విషం."

జీవరత్నం గారు ఆ కాగితాన్ని కళ్ళజోడు సర్దుకుని చూశారు. మళ్ళీ చూశారు.

"దశాంశ బిందువు" అన్నారు చివరికి. "ముప్ఫై ఆరేళ్ళు చెప్పాను. బిందువు తప్పు పెట్టిన పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టేదాన్ని."

అని లేచి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, వరండాలో గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. రోగులందరూ చూస్తున్నారు. నేను బతిమాలినా రాలేదు. "పది నిముషాలు కానివ్వు కాంతం. నియమం నియమమే" అన్నారు. సరిగ్గా పది నిముషాలు నిలబడి లోపలికొచ్చారు. డాక్టరు గారు అప్పటికి నవ్వాపుకోలేక నీళ్ళు తాగుతున్నారు.

పొడి ఆపేస్తే వాసన కొన్ని వారాల్లో పోతుందనీ, గోళ్ళూ జుట్టూ మళ్ళీ వస్తాయనీ చెప్పారు. పేపరు సంగతి అడిగితే దాచకుండా చెప్పారు. ఆ అమెరికా పరిశోధన నిజమే గాని, అది అసలు చర్మ క్యాన్సర్ కోసం మొదలెట్టింది, దాన్ని తగ్గించలేకపోయింది. మిగతా క్యాన్సర్ల విషయం లెక్కల్లో తేలింది గాని ఖాయం చెయ్యలేదు. నిజమో కాదో తేల్చడానికి వేలమందితో ఇంకో పెద్ద పరిశోధన నడుస్తోంది. "ఇప్పటికైతే ఎవరికీ తెలియదండీ. కానీ మీ అమ్మగారి వైపు ముగ్గురికి రొమ్ము క్యాన్సర్ అంటున్నారు. మీరు మాత్రలు కాదు, పరీక్ష చేయించుకోవాల్సింది. ఎప్పుడైనా చేయించుకున్నారా?"

జీవరత్నం గారు తలొంచుకున్నారు. డాక్టరు గారు తెర లాగి పరీక్ష చేశారు. బయటికొచ్చి, "ఎడమవైపు చిన్న గడ్డ ఉంది. ఏమిటన్నది చేతితో చెప్పలేం. విజయవాడలో స్కానింగు, సూది పరీక్షా చేయించండి" అన్నారు.

చేయించాం. ఫలితానికి అయిదు రోజులన్నారు. ఆ అయిదు రోజుల్లో మొదటి రోజే ఆవిడ ఉంగరం తీసి రుమాల్లో మూటగట్టుకుని గూడెం బయల్దేరారు. అహరోను గారు వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళ పైనే అన్నాను మీతో. లేవండీ. ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదట. ఒక్క ఏడాది కూడా చూపించలేను. పైగా గడ్డ ఉంది." రుమాలు ముందుకు చాపారు.

ఆయన రుమాలు తీసుకోలేదు. చెంబు కింద పెట్టి, "నేను డెబ్భై అయిదులో వచ్చినప్పుడు మీ దగ్గర మాత్రల్లేవుగా అండీ" అన్నారు.

ఆవిడ రుమాలు ఇంకా చాపే ఉంచారు.

"అప్పుడు మీరు రెండేళ్ళే ఉన్నాయన్నా నేను సరే అనేవాణ్ణి. సరేగాని, ఒక్కటి చెప్పండి. ఆ వాసన తగ్గుతుందన్నారా డాక్టరు గారు?"

"కొన్ని వారాల్లో పోతుందన్నారు."

"అమ్మయ్య!" అన్నారాయన గుండెల నిండా. "రెండు నెలలుగా నేను ఊపిరి బిగబట్టే మాట్లాడుతున్నానండీ మీతో." జీవరత్నం గారు పకపకా నవ్వడం మొదలెట్టారు, నవ్వుతూనే ఏడ్చేశారు, ఆయన కంగారుగా లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, మళ్ళీ వెళ్ళి కుర్చీ తెచ్చి, మళ్ళీ వెళ్ళి ఏం తేవాలో తెలియక ఫ్యాను తెచ్చారు. ప్లగ్గు పెట్టడానికి వరండాలో చోటే లేదు.

అయిదో రోజు నలుగురం విజయవాడ వెళ్ళాం. కవరు చింపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. దీవెనే చింపి చదివింది. "క్యాన్సర్ కాదు. నీటితిత్తి" అంది. "ఆంటీ, మామూలు నీటితిత్తి! ఏడాదికోసారి చూపించుకుంటే చాలు!"

తిరుగు రైల్లో జీవరత్నం గారిని పట్టడం మా వల్ల కాలేదు. గన్నవరం దగ్గర బుట్టతో ఎక్కినామె జామకాయలన్నీ కొనేసి, పెట్టెలో ఉన్న ప్రతివాళ్ళకీ పంచారు. "ఎందుకండీ ఇది?" అని ఒకాయన అడిగితే, "నాకు నీటితిత్తి అండీ!" అన్నారు మెరిసిపోతూ. పాపం ఆయన జామకాయ చేత్తో పట్టుకుని సానుభూతిగా తలూపారు.

డిసెంబరు పద్నాలుగున పెళ్ళి. జరీ అంచు తెల్లచీర కట్టుకున్నారు. పలచబడ్డ జుట్టుని మేలిముసుగు కప్పింది, మొలుస్తున్న గోళ్ళని తెల్ల చేతితొడుగులు కప్పాయి. పాత విద్యార్థులు మూడు వందలమంది దాకా వచ్చారు. జావీద్ కైకలూరు నుంచి వచ్చి, పందిట్లో నా పక్కకి చేరి, "మేడమ్, ఆ అరవై రెండు కిలోల చేప ఎవరో ఇప్పుడే తెలిసిందండీ" అన్నాడు. లెంపలు వేసుకుంటున్నాడు. ప్రమాణాలప్పుడు అయ్యగారు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

రెండేళ్ళకి, 2008 నవంబరు మొదట్లో, పేపర్లో మళ్ళీ సెలీనియం వార్త వచ్చింది. ఈసారి లోపలి పేజీలో, అగ్గిపెట్టంత. ఆ పెద్ద పరిశోధన మధ్యలోనే ఆపేశారట. ముప్ఫై అయిదు వేలమంది మీద చూస్తే, సెలీనియం వేసుకున్నా వేసుకోకపోయినా ప్రొస్టేట్ క్యాన్సర్ విషయంలో తేడా ఏమీ లేదట. నేను దాన్ని కత్తిరించుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పెళ్ళయ్యాక అహరోను గారు ఏలూరు వచ్చేశారు. ఆవిడ చదివి, "ముప్ఫై అయిదు వేలూ మగవాళ్ళేనట! మగవాళ్ళ మీద చేసినదాంతో నాకేం పని?" అని కొట్టిపారేశారు. కానీ సాయంత్రం ఏడాది పరీక్షకి ఆలియా గారి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆ ముక్క చూపించి అడిగారు.

"అయితే డాక్టరు గారూ, ఆ మాత్రలు వేసుకున్న రెండేళ్ళూ నాకు క్యాన్సర్ రాకుండా ఉన్నది దేనివల్ల?"

"దేనివల్లా కాదండీ. రాలేదంతే. మామూలుగానే ఉన్నారు."

"మామూలుగానే?"

"మామూలుగానే."

ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందో చెప్పలేను. మెట్లు దిగుతూ, "మామూలుగానే ఉన్నానట కాంతం!" అన్నారు. రిక్షా ఎక్కుతూ అన్నారు. ఇంటి గుమ్మంలో అహరోను గారు ఎదురొస్తే, "ఏవండీ, నేను మామూలుగానే ఉన్నానటండీ!" అని ప్రకటించారు. "సంతోషమండీ" అని ఆయన చెయ్యి కూడా కలిపారు.

ఆ శీతాకాలం ముగ్గురం ఆటపాక వెళ్ళాం, కొల్లేటికి వలసవచ్చిన గూడబాతులు చూడ్డానికి. పడవలో అహరోను గారు ముందు కూర్చున్నారు, మేమిద్దరం వెనక. నీళ్ళలోని చెట్ల మీద వందల పక్షులు, కొమ్మకి నాలుగైదు చొప్పున, పిల్లలతో సహా. పడవవాడు "గట్టిగా మాట్లాడొద్దమ్మా, లేచిపోతాయి" అన్నాడు. జీవరత్నం గారు చాలాసేపు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని బుద్ధిగానే ఉన్నారు. అంతలో ఒక పెద్ద పక్షి సంచి లాంటి ముక్కు తెరిచి ఆవులించింది. గొంతులోకంటా కనపడింది. ఆవిడకి నవ్వాగలేదు. పొట్టపట్టుకుని, పడవ ఊగిపోయేలా నవ్వారు. ఆ చప్పుడుకి చెట్టు చెట్టంతా ఒక్కసారి లేచింది. ఆకాశం కప్పేసినట్టు మా నెత్తిమీంచి రెక్కలు, రెక్కలు. నేను కట్టుకున్న చీర మీద, పెళ్ళయ్యాక ఆవిడ మళ్ళీ నాకే ఇచ్చేసినదాని మీద, రెట్ట పడింది. "అయ్యో కాంతం, వంగపండు చీర!" అన్నారు ఆవిడ, ఇంకా నవ్వుతూనే, కొంగు నీళ్ళలో ముంచి తుడవబోతూ. అహరోను గారు టోపీ పట్టుకుని పైకి చూస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నారు.